ఓడ దిగని ఆటల అల్లుడు

అల్లుడికి తాగుడు లేదు, జూదం లేదు, కోపమైతే అసలే లేదు. ఉన్నదల్లా ఒక్కటే రోగం. ఈ లోకంలో ఇంకా పుట్టని ఆట ఏదైనా ఉందని తెలిస్తే చాలు, అది పుట్టకముందే దానికి డబ్బు కట్టేసి, దాని రాకకోసం గుమ్మంవైపు చూస్తూ కూర్చుంటాడు.

ఆటంటే మైదానంలో ఆడేది కాదు. బల్లమీద అట్ట పరిచి, పావులు పేర్చి, పాచికలు దొర్లించి ఆడేది. ఎక్కడో ఒక మనిషికి కొత్త ఆట చెయ్యాలన్న బుద్ధి పుడుతుంది. చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ఇంటర్నెట్‌లో రంగురంగుల బొమ్మలు పెట్టి, "మీరంతా తలా కాస్త ముందే ఇస్తే తయారుచేసి పంపుతాను" అంటాడు. దీన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటారని అల్లుడు చెప్పాడు. మామగారు మాత్రం దానికి వేరే పేరు పెట్టుకున్నారు. గుంపుగా మునగడం.

"వాడు పంపకపోతే?" అని మొదటిసారి అడిగారు మామగారు.

"పంపుతాడు మామయ్యా. మాటిచ్చాడు కదా."

"మాట నేనూ ఇస్తాను. నాకూ కట్టు."

"మీ దగ్గర ఆటేదీ?"

"వాడి దగ్గర మాత్రం ఏదీ?"

 అల్లుడు నవ్వేశాడు. ఏమన్నా నవ్వేసే మనిషిని ఏం తిడతాం? మామగారికి ఒళ్ళు మండేది అక్కడే. ఆయనకి కోపం ఎంత పెరిగితే మర్యాద అంత పెరుగుతుంది. మామూలప్పుడు "అల్లుడూ, నువ్వు" అనే మనిషి, మంటెక్కితే "అల్లుడుగారూ, తమరు" అంటారు. గడియారాలు బాగుచేసే షాపు మూసేసి కూతురింటికి చేరిన దగ్గర్నుంచి అల్లుడికి ఈ ఇంట్లో మర్యాదలకి లోటు లేదు.

డబ్బు కట్టిన ఆట ఆ ఏడు రాదు. మరుసటేడూ రాదు. దాని బదులు కబుర్లు వస్తాయి. ఒకసారి ఫ్యాక్టరీకి సెలవులు. ఇంకోసారి రంగు ఆరలేదు. మరోసారి బొమ్మలు గీసేవాడి చెయ్యి బెణికింది. ఒక మహానుభావుడైతే తనకి పెళ్ళి కుదిరింది కాబట్టి కాస్త ఆలస్యమవుతుందని రాశాడు. ఆ తర్వాత విడాకులయ్యాయి కాబట్టి ఇంకాస్త ఆలస్యమవుతుందని అదే ఆట గురించి రాశాడు. డబ్బు కట్టినవాళ్ళంతా వాడిని దుమ్మెత్తిపోస్తుంటే, అల్లుడు పనిగట్టుకుని రెండుసార్లూ జవాబు రాశాడు. మొదటిసారి అభినందనలు, రెండోసారి ఓదార్పు. సాకులన్నీ అయిపోయాక చిట్టచివరికి ఒక శుభవార్త వస్తుంది. ఆట ఓడెక్కింది!

ఇక ఆ ఓడ దిగదు.

"అల్లుడూ, ఆ సర్కసు ఆట ఏమైంది?"

"ఓడెక్కింది మామయ్యా."

"తేనెటీగల ఆట?"

"అదీ ఓడెక్కింది."

"రెండూ ఒకే ఓడా?"

"కాదు, వేరువేరు."

"ఇన్ని ఓడలు బయల్దేరితే ఒక్కదానికైనా ఒడ్డు తగలదుటోయ్? సముద్రం మధ్యలో కూర్చుని మన ఆటలు అవే ఆడేసుకుంటున్నాయా?"

అల్లుడు నవ్వాడు. ఆ మాట ఇంట్లో పాతుకుపోయింది. వస్తానని రాని ప్లంబరు ఓడెక్కాడు. పెరగని జీతం ఓడెక్కింది. కూతురు పనిచేసేది పార్సిల్ ఆఫీసు కౌంటర్లో. పొద్దున్నించి సాయంత్రం దాకా ఊరందరి పెట్టెలూ ఆవిడ చేతిమీదుగానే పోతాయి. "కుర్చీలు వస్తాయి, బకెట్లు వస్తాయి, మొన్నొకాయనకి అద్దం కూడా పగలకుండా వచ్చింది నాన్నా. మా ఆయనది తప్ప ఈ భూమ్మీద అందరి పార్సిలూ వస్తుంది" అని ఏడుపుమొహంతో చెప్పేది.

వచ్చినవాటి సంగతి ఇంకా ఘోరం. ఒక ఆట ఎవరికీ రాని భాషలో వచ్చింది. కట్టేటప్పుడు భాష దగ్గర వేరే గడి నొక్కాడట. ఇంకోటి పెద్ద పెట్టె, నిండా తళతళలాడే పావులు, కోటలు, గుర్రాలు. ఆడదామని చూస్తే అట్ట లేదు. తీరా కూపీ లాగితే తేలింది, ఈ పెద్దమనిషి అసలు ఆట కొనడం మర్చిపోయి, దానికి అదనంగా అమ్మే సామాను మాత్రం కొన్నాడు. చొక్కా లేకుండా బొత్తాలు కొన్నట్టు. గొర్రెలకాపరి ఆట వచ్చింది, అందులో గొర్రెలే లేవు.

"గొర్రెలేవి అల్లుడుగారూ?"

"అవి విడిగా ఓడె..."

"చెప్పకండి. తమరు అంత పని చెయ్యకండి."

అల్లుడి ఉద్యోగం కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళలో, పళ్ళసెట్టుకి చిగుళ్ళు పోసే ముద్ద మిగిలితే దానితో గొర్రెల్ని పోసి తెచ్చాడు. గులాబీరంగు గొర్రెలు. బల్లమీద మేస్తుంటే ఎవరో నవ్వి పళ్ళు ఊడగొట్టుకున్నట్టుగా ఉంది. మామగారు నోటికొచ్చినట్టు తిట్టారు. కాని ఆయన నోట్లో ఉన్న పళ్ళసెట్టు కూడా అల్లుడు చేసిందే. తిట్టాలన్నా వాడి పళ్ళతోనే తిట్టాలి. ఇంతకన్నా దిక్కుమాలిన బతుకుంటుందా అని ఆయన బాధ.

"పోనీ ఒక్కసారి ఆడి చూడండి మామయ్యా. ఇదిగో, ఈ గొర్రెని పట్టుకుని చూడండి."

"పట్టుకుంటే ఏముంది, పాలిస్తుందా? పిల్లలాటలు నాకెందుకు. నువ్వాడుకో."

నిజం వేరే. మామగారికి కళ్ళు కనబడటం లేదు.

పూర్తిగా పోలేదు. పక్కచూపు ఉంది. నడిమధ్యలో మాత్రం ఎవరో వేలితో మసి పూసినట్టు, ఎటు చూస్తే అటు ఆ మరక వచ్చి కూర్చుంటుంది. ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళారు. పోయింది రాదు, ఉన్నదీ ఎంతకాలమో చెప్పలేం అన్నాడు ఆయన. బయటికొచ్చి మామగారు చేసిన మొదటి పని షాపుకి తాళం వెయ్యడం. సెల్‌ఫోన్లు వచ్చి గడియారాల్ని చంపేశాయని అందరికీ చెప్పారు. అందరూ అవునన్నారు. జుట్టుకన్నా సన్నటి స్ప్రింగుని పట్టకారుతో పట్టి కూర్చోబెట్టిన మనిషి, ఆ రోజుల్లో స్క్రూ కింద పడితే మోకాళ్ళమీద పాకి నేలంతా తడిమాడని ఎవరికి తెలుసు?

పక్క చెప్పుల షాపాయనతో రోజూ మధ్యాహ్నం చదరంగం ఆడేవారు. ఒకరోజు బంటనుకుని శకటుని జరిపారు. చెప్పులాయన పగలబడి నవ్వాడు. మామగారు బల్లని తోసేసి లేచి వచ్చేశారు. ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు. గుడ్డివాడనిపించుకోవడం కన్నా దుర్మార్గుడనిపించుకోవడం ఆయనకి సుళువుగా కనిపించింది.

చూపు పోతున్నందుకు కాదు ఆయన భయం. అది తెలిస్తే ఇంట్లోవాళ్ళ గొంతులు మెత్తబడతాయే, దానికి భయం. "మెల్లిగా నాన్నా, మెట్టుంది నాన్నా" అని చెయ్యి పట్టుకుంటారే, దానికి భయం. అందుకని ఇల్లంతా అడుగులతో కొలిచి బట్టీ పట్టారు. పొద్దున్నే పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, కాసేపటికోసారి పేజీ తిప్పి, చివర్న "అన్నీ అబద్ధాలే!" అని మడిచి పడేసేవారు. రోజూ ఇదే నాటకం. నాటకం బాగానే నడుస్తోందని ఆయన నమ్మకం.

ఇలా ఉండగా అల్లుడి రోగం ముదిరింది. దీవుల ఆట అని ఒకటి ఎవడో మొదలుపెట్టాడు. పడవలు, కొండలు, చెట్లు, గుడిసెలు, అన్నీ చేత్తో చెక్కిన చెక్కపావులట. మామూలు పెట్టె ఒక ధర, ప్రత్యేకమైన పెట్టె దానికి ఎన్నో రెట్లు. అల్లుడు ప్రత్యేకమైనదానికే కట్టేశాడు, అదీ బట్టలుతికే మిషను కోసం దాచిన డబ్బు. పాత మిషను మూలపడి ఉంది.

"నాన్నా, మీరైనా చెప్పండి ఈయనకి!" కూతురు దుప్పట్లు పిండుతూ అరిచింది. "పొద్దంతా కౌంటర్లో నిలబడి వచ్చి మళ్ళీ ఈ చాకిరీ. నా నడుము ఏమైపోవాలి?"

"నేనుతుకుతానోయ్" అన్నాడు అల్లుడు.

"మీరు ఉతికితే నేను మళ్ళీ ఉతకాలి!"

"అల్లుడుగారూ, తమరు గొప్పవారు. తమ ఇంటి బట్టలన్నీ మూటగట్టి వాడికే పంపండి. ఓడలోనే ఉతికిస్తాడు" అన్నారు మామగారు.

ఈసారి అల్లుడు నవ్వలేదు. "ఇది బాగుంటుంది మామయ్యా. చూస్తారుగా" అని మాత్రం గొణిగాడు.

ఆట చేసేవాడు కొన్నాళ్ళు కబుర్లు పంపాడు. తర్వాత నోరు మూసుకున్నాడు. డబ్బు కట్టినవాళ్ళు మోసగాడన్నారు, దొంగన్నారు, పోలీసులన్నారు. అల్లుడు మాత్రం మీ ఒంట్లో కులాసాగా ఉందా అని రాశాడు. దానికీ జవాబు లేదు. మామగారికి ఇంతకన్నా మంచి కాలక్షేపం ఏముంది? రోజూ అన్నం దగ్గర కదిపేవారు. ఆయనకి ఈ తిట్లు ఉన్నాయి కాబట్టే పొద్దు గడిచేది. అదే లేకపోతే గోడ చూస్తూ కూర్చోవాలి, ఆ గోడ కూడా సరిగా కనబడదు.

తిట్టీ తిట్టీ ఆయనకే విసుగు పుట్టాక, ఇద్దరికీ ఒంటిపూట పనైన ఒక శనివారం మధ్యాహ్నం పెట్టె ఊడిపడింది. కూతురే ఆఫీసునుంచి మోసుకొచ్చింది. "వచ్చిందండీ! నిజంగానే వచ్చింది! నా చేత్తో నేనే సంతకం పెట్టి తీసుకున్నాను!" ఆవిడ గొంతులో దుప్పట్ల కోపం కూడా కాసేపు మాయమైంది.

మామగారు కుర్చీలో కదలకుండా కూర్చుని చెవులు రిక్కించారు. కత్తెరతో టేపు చీరిన చప్పుడు. అట్టపెట్టె తెరిచిన చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"ఏమైందండీ?" కూతురు గొంతు.

"చెక్క కాదు." అల్లుడి గొంతు పొడిగా ఉంది. "ఖర్చులు పెరిగాయట. చెక్కకి బదులు అట్టబిళ్ళలు వేశాడట. చిన్న కాగితం పెట్టాడు."

"పోనీలెండి, బిళ్ళలయితే ఏం? ఆడుకోవచ్చు కదా."

"ఏం ఆడతాం!" బల్లమీద దబ్బుమని గుద్దిన చప్పుడు. ఆ ఇంట్లో అల్లుడు గొంతు పెంచడం మామగారు అదే మొదటిసారి వినడం. "అన్నీ గుండ్రటి బిళ్ళలే! అన్నీ నున్నగా! నేను ముందే రాశానోయ్. ఒకటికి పదిసార్లు రాశాను. కళ్ళు మూసుకుని తడిమినా ఏది పడవో ఏది కొండో తెలియాలి, అలా చేస్తేనే కడతాను అని. తప్పకుండా చేస్తానన్నాడు. అందరూ అలాగే అన్నారు. ఏ ఒక్కడూ చెయ్యలేదు."

చెయ్యనిదానికి సరేననడానికి ఎవడికి మాత్రం ఏం ఖర్చు? మామగారికి ఆ మాట నోటిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. కళ్ళు మూసుకుని తడమడం దేనికి? ఈ ఇంట్లో అంత అవసరం ఎవరికి?

తల కొట్టేసినట్టయింది ఆయనకి. వీడికి తెలుసు. ఎన్నాళ్ళనుంచో తెలుసు. ఆ సర్కసూ, ఆ తేనెటీగలూ, అన్నీ ఇందుకేనన్నమాట. పట్టుకుని చూడండి మామయ్యా, పట్టుకుని చూడండి మామయ్యా అని వెంటపడింది ఇందుకేనన్నమాట. చెవులు వేడెక్కిపోయాయి. లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుందామనుకున్నారు. లేచారు కూడా. కాని బల్లదగ్గర అల్లుడు ముక్కు ఎగబీలుస్తున్నాడు. ఏమన్నా నవ్వేసే మనిషి! మామగారికి ఎవరిమీదా జాలిపడే అలవాటు లేదు, ఎవరైనా తనమీద పడితే ఊరుకోరు. అలాంటిది వాడిమీద జాలేసింది. దిక్కుమాలిన జాలి, అడుగు గదివైపు పడనివ్వలేదు.

వెళ్ళి బల్లదగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"పంచు" అన్నారు.

"మామయ్యా?"

"ఆట పంచవయ్యా. డబ్బు తగలేశావుగా, ఆడదాం."

కూతురు గబగబా నియమాలు చదివింది. నీలం బిళ్ళలు నీళ్ళట, ఆకుపచ్చవి అడవులట. మామగారు చేతికొచ్చిన బిళ్ళలు తడిమారు. అన్నీ ఒకటే. కళ్ళ దగ్గర పెట్టుకుని, పక్కకి జరిపి, మళ్ళీ చూశారు. రెండు బూడిదమరకలు. ఇక దాచి లాభం లేదు. గొంతు సవరించుకున్నారు. జీవితంలో ఇంత కష్టమైన మాట ఆయన అనలేదు.

"అమ్మాయ్. నాకు ఈ రెండు రంగులూ... ఒకేలా కనబడుతున్నాయే."

కూతురు బిళ్ళలు లాక్కుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది.

"నాకూ అంతే నాన్నా! దరిద్రుడు, నీలానికీ ఆకుపచ్చకీ ఒకే రంగు అచ్చేశాడు!"

"అది కాదే, నాకు..."

"ఇటివ్వు" అని అల్లుడు తీసుకున్నాడు. "అవును మామయ్యా, తేడా లేదు. ఎవరికీ కనబడదు."

"ఎవరి సంగతో కాదయ్యా, నా సంగతి!"

"రంగు తప్పు నాన్నా, మీ తప్పు కాదు."

"నోరు ముయ్యండి ఇద్దరూ!" బల్ల దద్దరిల్లింది. ఇన్నాళ్ళు దాచిన నిజం బయటపెడదామంటే వినే నాథుడు లేడు. "నాకు నిజంగానే కనబడట్లేదే! బిళ్ళలు కాదు, మీ మొహాలే కనబడట్లేదు! గుడ్డివాణ్ణి, చాలా?"

అల్లుడు బిళ్ళలు బల్లమీద పెట్టేశాడు. తర్వాత కూతురు మామూలు గొంతుతో, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. "తెలుసు నాన్నా."

"ఎప్పట్నుంచి?"

"షాపు మూసిన కొత్తల్నుంచి. మనం పేపరు మానేసి ఎన్నాళ్ళయిందో తెలుసా? రోజూ మీకు అదే పాత పేపరు ఇస్తున్నాను. రోజూ మీరు అన్నీ అబద్ధాలే అంటున్నారు."

మామగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. 

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్పలేదుగా!" అంది కూతురు. "మీ నోటితో మీరు అనేదాకా ఎవరూ అనకూడదని ఈయన నాచేత ఒట్టేయించుకున్నారు. మిషను డబ్బు కట్టేసినప్పుడు మాత్రం నిజంగానే తిట్టాను. ఎందుకో తెలిసీ తిట్టాను. నడుము నాది కదా."

"మరి ఈ తిట్లన్నీ ఎందుకు పడ్డావయ్యా నువ్వు?" మామగారు అల్లుడివైపు తిరిగారు.

"మీకు తిట్టడానికి ఎవరో ఒకరు ఉండాలిగా మామయ్యా" అన్నాడు అల్లుడు. "చెప్పులాయనతో మాటలు కూడా మానేశారు."

ఆ సాయంత్రమే ల్యాబ్ ముద్ద వచ్చింది, ఆకురాళ్ళు వచ్చాయి. అల్లుడు పడవలు పోస్తే మామగారు పట్టుకుని చూసి, "ఇది పడవా? చెప్పులా ఉంది, ఇటు తే" అని లాక్కునేవారు. వేళ్ళకి చూపుతో పనేముంది? కొండకి మొన తీశారు, గుడిసెకి గుమ్మం కోశారు, చెట్టు కొమ్మకి పండు కూడా నిలబెట్టారు. "మెల్లిగా చెయ్యి పెట్టండి నాన్నా, అక్కడ పదునుంది జాగ్రత్త" అని కూతురు గొంతు మెత్తబడబోతే, "నా చెయ్యి సంగతి నాకు తెలుసు, నువ్వు దుప్పట్లు ఉతుక్కో" అని కసిరారు. ఆవిడ కూడా "మీరు మిషను కొనిపెట్టేదాకా ఉతుకుతూనే ఉంటాను" అని అంతకంటే గట్టిగా కసిరింది. ఆ కసురు విన్నాక ఆయనకి ప్రాణం లేచివచ్చింది. ఆట మొదలయ్యాక అల్లుణ్ణి చిత్తుచిత్తుగా ఓడించారు. కావాలని ఓడిపోతున్నాడేమోనని అనుమానించి, వాడు జరపబోయిన ప్రతి పావునీ తడిమి చూసి, లేదని తేల్చుకున్నారు. వాడికి ఆడటం నిజంగానే రాదు.

కొన్నాళ్ళకి దీవులవాడు మళ్ళీ నోరు విప్పాడు. ఇంకో కొత్త ఆట మొదలుపెడుతున్నాడట. పాతది అందుకున్నవాళ్ళు దయచేసి నాలుగు మంచి మాటలు రాయాలట.

"రాయి!" అన్నారు మామగారు. "నేను చెప్తాను. చెప్పింది చెప్పినట్టు రాయి."

అల్లుడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"ఓయ్ పెద్దమనిషీ! చెక్కని చెప్పి అట్ట అంటగట్టావు. నీకు మంచం చేసేవాడు కూడా చెక్కని చెప్పి అట్టతోనే చెయ్యాలి, నువ్వు దానిమీద నడ్డి విరగ్గొట్టుకోవాలి. నీ బూట్లో ఎప్పుడూ ఒక గులకరాయి ఉండాలి. నీ గడియారం ఎప్పుడూ పావుగంట వెనక నడవాలి, దాన్ని బాగుచేసేవాడు నీకీ జన్మలో దొరక్కూడదు. నీకు పళ్ళన్నీ ఊడాలి, అవి కట్టేవాడు నీ అంత మాటమీద నిలబడేవాడే తగలాలి. నీలానికీ ఆకుపచ్చకీ తేడా తెలియని నీ కళ్ళకన్నా నా కళ్ళే నయం. రాశావా?"

కీబోర్డు టకటకలాడింది. ఆగింది. అన్ని తిట్లకి ఆ కాస్త టకటక ఏ మూలకి? మామగారి చూపు పోయింది గాని చెవులకేం రోగం?

"రాశాను మామయ్యా."

"ఏదీ, చదువు."

అల్లుడు చదివాడు. మంచం, నడ్డి, గులకరాయి, గడియారం, పళ్ళు, కళ్ళు, ఏదీ పొల్లుపోకుండా, తడబడకుండా, మామగారు ఆగినచోటల్లా ఆగుతూ గడగడా చదివేశాడు. మధ్యలో తన సొంత శాపం కూడా ఒకటి కలిపాడు. వెనక నిలబడి తెర చూస్తున్న కూతురు ఫక్కుమని, వెంటనే నోరు నొక్కుకున్న చప్పుడు వినబడింది.

మామగారు కుర్చీలో వెనక్కి వాలారు.

"బాగా కుదిరింది. ఒక్క అక్షరం మార్చకు అల్లుడూ, అలాగే పంపెయ్" అన్నారు.